పాలనీరు తేటపడే పనితనం

ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా నల్లరేగడిలో మందు కొట్టే రైతులకు ఈ పని తెలిసిందే. మిరపలో తామర పురుగో పత్తిలో తెల్లదోమో కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున వేపనూనె కొలుస్తారు. తిన్నగా డ్రమ్ములో పోస్తే నూనె పైకి తేలుతుంది. అందుకే ముందు సబ్బు పొడితో కలిపి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కర్రతో తిప్పుతారు. నీళ్లు పాలలా తెల్లబడతాయి. అదే ఎమల్షన్.

నానో ఎమల్షన్‌దీ ఇదే పని, చేత మాత్రం ఇంకా సన్నం. వేపనూనె చోట వాము, తులసి వంటి వాటిని ఆవిరి పట్టి తీసిన సుగంధ తైలం. సబ్బు చోట ట్వీన్-80 అనే రసాయనం. దాని అణువులో తల నీటిని కోరుతుంది, తోక నూనెను కోరుతుంది. తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి ప్రతి బొట్టు చుట్టూ కంచె కడుతుంది.

కర్ర చోట అల్ట్రాసోనిక్ కడ్డీ. సెకనుకు సుమారు 20 వేల సార్లు కంపిస్తూ నీటిలో బుడగలు పుట్టిస్తుంది. అవి చితికే ధాటికి నూనె బొట్లు చీలిపోతాయి. ఆ పనిలో వేడి పుడుతుంది, వేడికి తైలం ఎగిరిపోతుంది. కాబట్టి బీకరును మంచుముక్కల మధ్య కూర్చోబెట్టి, కడ్డీని ఆపి ఆపి నడుపుతారు.

బొట్టు వ్యాసం నూరో వంతుకు తగ్గిందంటే, ఒక్క బొట్టు పది లక్షల బొట్లయినట్టు. మొత్తం ఉపరితలం నూరు రెట్లవుతుంది. వ్యాసం 100 నానోమీటర్ల కంటే బాగా కిందికి దిగితే వెలుగు అంతగా చెదరదు. తెలుపు పోయి నీరు తేటపడుతుంది, వెలుతురులో లేత నీలి ఛాయ కనిపిస్తుంది. నూనె అంతా అందులోనే ఉంది.

అయితే చిన్న బొట్లలోని తైలం మెల్లగా నీటిలోకి జారి పెద్ద బొట్లలో చేరుతుంది. దానికి విరుగుడుగా నీటిలో బొత్తిగా కరగని నువ్వులనూనె వంటిది కొంచెం కలుపుతారు. అది బొట్టు దాటి పోదు. తైలం తగ్గేకొద్దీ బొట్టులో నువ్వులనూనె వాటా పెరిగి, మిగిలిన తైలాన్ని పట్టి ఉంచుతుంది.

ఇంత శ్రమా నీటిలో కలవని తైలాన్ని జీవకణం దాకా చేర్చడానికే. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలను ఇలాంటి కొన్ని ఎమల్షన్లు చంపాయి. కానీ పళ్లెంలో కణం చావడం వేరు, రోగి కోలుకోవడం వేరు. ఇది ఇంకా మందు కాలేదు. దీన్ని నమ్ముకుని చికిత్స మానకూడదు. పైగా ట్వీన్ కూడా కణాలను దెబ్బతీయగలదు. అందుకే సుగంధ తైలం లేని ఎమల్షన్ ఒకటి తయారుచేసి, మామూలు కణాలపైనా పరీక్షించి పోలుస్తారు. ఆ ఖాళీ ఎమల్షన్‌నూ అంతే శ్రద్ధగా మంచులో కూర్చోబెట్టి చేస్తారు. నిజం తేల్చేది అదే.