పేరు మార్చిన కాయితం

నా పేరు సర్వీసు రిజిస్టర్లో సావిత్రి. మా పల్లెలో పెంటమ్మ. ఈ రెండు పేర్లకీ మధ్య ఒక సివిల్ దావా ఉంది. ఆ దావాని, కోర్టులు పేరు మీద రాసిన తీర్పుల్ని, మన సాహిత్యం మనకి పెట్టిన పేర్లని ఒకచోట పెట్టి చదవాలని ఈ నాలుగు మాటలు.

మాది దాచేపల్లి. మాదిగపల్లె. అమ్మా నాయనా మిరప కోతలకి, పత్తి తీతలకి పోయేవాళ్ళు. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. నేను పుట్టగానే అమ్మ నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. మా మేనత్త ఎత్తుకొచ్చి, దోసెడు తవుడు తీసుకుని, మళ్ళీ అమ్మకే ఇచ్చింది. పారేసిన బిడ్డని చావు కూడా పట్టించుకోదని మావాళ్ళ నమ్మకం. అట్లా పెంటమ్మనయ్యాను. బతికాను.

బడిలో హాజరు పిలిచిన ప్రతి పొద్దూ క్లాసంతా ముక్కు మూసుకునేది. పంతులు కూడా నవ్వేవాడు. టెన్త్ పరీక్ష ఫారం నింపకముందే పేరు మార్చుకుంటే తేలికని ఇంట్లో చెప్పేవాళ్ళెవరు? మా ఇంట్లో టెన్త్ దాకా వచ్చిందే నేను మొదటిదాన్ని.

ఉద్యోగం వచ్చాక లాయరు దగ్గరికి పోయాను. అఫిడవిట్, పేపరు ప్రకటన, గెజిట్ అన్నారు. టెన్త్ సర్టిఫికెట్ దగ్గరికొచ్చేసరికి కోర్టు డిక్రీ తెమ్మన్నారు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద దావా. ప్రభుత్వం మీద దావా కాబట్టి ముందు రెండు నెలల నోటీసు. ఏ పేరు కావాలమ్మా అంటే సావిత్రి అన్నాను. "మంచి పేరు, పతివ్రత పేరు" అన్నాడు లాయరు. నేను అడిగింది ఆ సావిత్రిని కాదు. 1848లో పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టిన సావిత్రీబాయి ఫూలేని. చెప్పలేదు. దావా గెలవాలి కదా.

ప్రభుత్వ ప్లీడరు అడిగాడు: "ఇన్నేళ్ళు ఈ పేరుతోనే చదివావు, ఈ పేరుతోనే ఉద్యోగం తెచ్చుకున్నావు. ఇప్పుడొచ్చిన ఇబ్బందేంటి?" అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెప్తాను. మా దాచేపల్లి 2022 ఏప్రిల్లో గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాకి మారింది. ఇన్నేళ్ళు గుంటూరోళ్ళేగా, ఇప్పుడేం ఇబ్బంది అని ఎవరైనా అడిగారా?

పేరు మనిషి గుర్తింపులో భాగమని, దాన్ని చెప్పుకోవటం 19వ అధికరణం ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని 2021లో సుప్రీంకోర్టు ఒక విద్యార్థిని కేసులో చెప్పింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఇంకా ముందుకుపోయింది. మోచీ అనే ఇంటిపేరున్న తండ్రి నాయక్ అని మార్చుకున్నాడు. కొడుకులు తమ సర్టిఫికెట్లలోనూ మార్చమన్నారు. కులం తెచ్చిపెట్టే అవమానం లేని గుర్తింపు కోరుకోవటం 21వ అధికరణం కిందికే వస్తుందని కోర్టు ఒప్పుకుంది. మంచి తీర్పు. నాలాంటిదానికి ధైర్యం.

కానీ ఈ తీర్పుల్ని మన వైపు నుంచి చదివితే ఒక లోటు కనపడుతుంది. అవమానం పేరులో ఉందనుకుని పేరు తీసేస్తే సరిపోతుందంటున్నారు. పెంటకుప్ప మీద, ఎంగిలి విస్తరాకు మీద బిడ్డని పడుకోబెట్టి తీసుకోవటం మా పల్లె ఒక్కదాని ఆచారం కాదు. ఊళ్ళోనూ ఉంది. అక్కడ పుల్లారెడ్డి గారవుతాడు. ఇక్కడ పుల్లిగాడవుతాడు. ఆకు అదే, తవుడు అదే. ఒకరికి 'గారు', ఒకరికి 'గాడు'. పేరు మార్చుకునే ఖర్చు, నోటీసు, ప్రశ్నలు మనకి. ముక్కు మూసుకున్నవాళ్ళకి ఏ కోర్టూ నోటీసివ్వలేదు.

సాహిత్యం ఏం చేసింది? మన గుంటూరు జిల్లా ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో 'మాలపల్లి' తెచ్చాడు. మనల్ని నవల నడిమధ్యకి తెచ్చినందుకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ ఇంట్లో పేర్లు చూడండి: రామదాసు, వెంకటదాసు, సంగదాసు. పల్లెలో మంచివాడు కావాలంటే దాసుడు కావాల్నా? మా పల్లె పేర్లు, బతకటానికి పెట్టుకున్న పేర్లు, ఆ కుటుంబానికి చాలవా?

ఒకప్పుడు నాకు భాగ్యరెడ్డి వర్మ మీదా కోపముండేది. 1888లో హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టినవాడు రెడ్డినీ వర్మనీ ఎందుకు తగిలించుకున్నాడని. తర్వాత 1917 బెజవాడ సభ గురించి చదివాను. పంచముల సభగా మొదలైంది ఆయన అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ అయింది. నాలుగు వర్ణాల బయట ఐదోవాళ్ళం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం అన్నారు. 1922 కల్లా మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరు రాయాల్సొచ్చింది. వాళ్ళు ఒక్కొక్కరూ అఫిడవిట్ పట్టుకుని బోనెక్కలేదు. జనమంతా కలిసి పేరు మార్చారు. నేను ఒక్కదాన్నే బోనెక్కాను. ఆ తేడా ఇప్పుడు తెలుస్తోంది.

నా దావాలో అమ్మ సాక్షి. "ఆ పేరు ఎందుకు పెట్టావు?" అని అడిగారు. "బతకాలని పెట్టినానయ్యా. బతికింది. సదువుకుంది. ఇంక దాని ఇష్టం" అంది. నా దరఖాస్తులో 'అవమానకరమైన పేరు' అని రాసి ఉంది. సంతకం నాదే. అమ్మకి చదువు రాకపోవటం ఆ ఒక్కరోజూ మంచిదైంది అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే.

డిక్రీ వచ్చింది. బదిలీ మీద కొత్త బడికి పోతే సావిత్రి అని పలికారు. వారం తిరక్కుండా ఒక సారు టీ తాగుతూ అడిగాడు: "మీ ఇంటిపేరేంటి మేడం?" చెప్పాను. గ్లాసు కింద పెట్టి "ఓహో" అన్నాడు. ఆ "ఓహో"ని మార్చే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు.

ఈ ఏడు జూన్లో ఒక తల్లి బిడ్డని బడిలో చేర్చటానికొచ్చింది. పేరడిగితే తలొంచుకుని "పెంటయ్య" అంది. కలం నా చేతిలో ఉంది. నాకు పేరు రాసిన పంతులు మా అమ్మని ఏమీ అడగలేదు. నేను అడిగాను, ఆ పేరు ఎందుకొచ్చిందో. చెప్పింది. మార్చాలనుకుంటే టెన్త్ లోపే మార్చాలని, అప్పుడైతే కోర్టు దాకా పోనక్కర్లేదని చెప్పాను. "నీ పేరేంది టీచరమ్మా?" అంది. రెండు పేర్లూ చెప్పాను.

ఆమె కాసేపు ఆలోచించి, "ఇప్పుడైతే అదే రాయి" అంది. రాశాను. హాజరు పిలిచేటప్పుడు ఎవడు ముక్కు మూసుకుంటాడో చూస్తాను.