మాథేరాన్‌కు ఒక్క పగలు

దీపావళికి సూరత్‌లో కతర్‌గామ్ ఖాళీ అవుతుంది. వజ్రాల కార్ఖానాలు మూతపడి కారిగర్లంతా సౌరాష్ట్ర దారి పడతారు. సాంచాలు నడిపే మన సిరిసిల్ల, నల్లగొండ వాళ్లకు అంత సెలవెక్కడిది? ఒక పగలు దొరికితే సూరత్ జనం సాపుతారా పొమ్మంటారు. అది స్వాతంత్య్రం వచ్చాక కట్టుకున్న కొండ ఊరు. నాకు మాత్రం, దూరాభారమైనా, తెల్లదొరల కాలం నాటి మాథేరానే ఇష్టం. రాత్రి బండెక్కితే తెల్లారేసరికి దాదర్. అక్కడ కర్జత్ లోకల్ పట్టుకుంటే కొండ కింది నేరల్.

1850లో ఠాణే కలెక్టర్ హ్యూ మాలెట్ కంట పడిందీ కొండ. బొంబాయి ఎండకు తాళలేని దొరలు బంగళాలు వేసుకున్నారు. నేరల్ నుంచి పైకెక్కే 1907 నాటి చిన్న రైలు మాత్రం దొరలది కాదు, ఆదంజీ పీర్‌భాయ్ కుటుంబం సొంత డబ్బుతో వేయించింది. పట్టాల మధ్య ఎడం రెండే అడుగులు.

మోటారు బళ్లు దస్తూరీ నాకాలో ఆగిపోతాయి. పైన ఎర్రమట్టి బాట, గుర్రాలు, నేను వెళ్లినప్పుడు మనుషులు లాగే రిక్షాలు. ముందొకడు కాడి పట్టి వంగితే వెనక ఒకరిద్దరు తోసేవాళ్లు. పల్లంలో అదే రిక్షాను వాళ్లే వెనక్కి గుంజి ఆపాల్సి వచ్చేది. పిక్కల దాకా ఎర్రదుమ్ము, ఎక్కినాయన చేతిలో ఫోను.

ఒక దీపావళికి నాతో వచ్చిన సిరిసిల్ల తమ్ముణ్ని రిక్షావాడు పిలిచాడు. "పన్నెండు గంటలు సాంచాల నడుమ నిలబడేటోన్ని అన్నా, ఇంకొకని మీద కూసుంటనా?" అంటూ ముందుకు సాగాడు. నాకన్నా వేగంగా నడిచాడు కూడా.

పాయింట్ల జాబితా పట్టుకుని పరుగెత్తేవాళ్లను చూస్తే జాలి. షార్లెట్ చెరువు, లూయిసా పాయింట్ చాలు. మిగతా పొద్దంతా చెట్ల కింద నడకే. కోతుల ముందు పొట్లం మాత్రం విప్పకండి.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ రిక్షాలను ఆరు నెలల్లో మాన్పించమంది. మన గుజరాత్ కేవడియాలో మాదిరిగా ఈ-రిక్షాలు పెట్టి, లాగేవాళ్లకే ఇవ్వమంది. కొండ మీద బ్యాటరీ బండేమిటని సణిగేవాళ్లున్నారు. వాళ్లు ఒక్క ఎత్తు లాగి చూసి మాట్లాడితే వింటాను.

మీరు వెళితే నడవండి. నడవలేని పెద్దవాళ్లుంటే ఈ-రిక్షా ఎక్కించండి, కానీ నడుపుతున్నది నిన్నటిదాకా లాగినవాడేనా అని ఒక్క మాట అడగండి.