నీటి రంగు, శాటిలైట్ చీటీ

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లోని కాప్రాలో చేపల బండి దగ్గర నిలబడితే రెండు లోకాలు ఒకే తక్కెడలో కనిపిస్తాయి. ఒక పళ్లెంలో చెరువుల బొచ్చెలు, రవ్వలు. పక్కన థర్మోకోల్ పెట్టెలో, మంచు ముక్కల కింద, విశాఖ నుంచో కాకినాడ నుంచో వచ్చిన వంజరం, కానాగడతలు. ఏ వైపు వెళ్లినా సముద్రం ఇక్కడికి 250 కిలోమీటర్లకు పైనే. అయినా ఆ వంజరం ఎక్కడ దొరకవచ్చో ముందుగా చెప్పే చీటీ ఈ నగరంలోనే తయారవుతుంది. నగరానికి ఈ చివర కాప్రా, ఆ చివర ప్రగతినగర్. అక్కడే 1999లో పుట్టిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ పిలిచే పేరు ఇన్‌కాయిస్.

మా మేనమామది విశాఖలో పెద జాలరిపేట. సెలవులకు వెళ్లినప్పుడు ఆయన తెప్ప మీద నేను చూసిన చదువు ఒకటి, ఇన్‌కాయిస్ చీటీలో చూసిన చదువు ఇంకొకటి. చదివేది ఒకే సముద్రాన్ని. చాలా ఏళ్లుగా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది.

చీటీలో మాటలు తక్కువ. రేవు పేరు, అక్కడి నుంచి దిక్కు, దిక్సూచి మీద డిగ్రీలు, ఇన్ని నుంచి ఇన్ని కిలోమీటర్ల దూరం, అక్కడి లోతు మీటర్లలో, అక్షాంశం, రేఖాంశం. అంతే. దాని వెనక ఉన్న పని మాత్రం పెద్దది. ఉపగ్రహం సముద్రం పైపొర వేడిని కొలుస్తుంది, నీటి రంగులోంచి పచ్చదనాన్ని, అంటే కంటికి ఆనని నాచు ఎంత ఉందో, పట్టుకుంటుంది. చల్లని నీరూ వెచ్చని నీరూ ఒరుసుకునే గీత మీద నాచు పెరుగుతుంది, దాన్ని తినే చిన్న జీవులు చేరతాయి, వాటి కోసం కవళ్లు, కవళ్ల కోసం వంజరం. చీటీ చెప్పేది చేప ఉన్న చోటు కాదు, చేపకు తిండి ఉన్న చోటు. ఈ తేడా గుర్తుపెట్టుకోకుండా చీటీని తిట్టేవాళ్లూ ఉన్నారు, నమ్మి మోసపోయామనేవాళ్లూ ఉన్నారు.

మావయ్య చదువు చేతివేళ్లతో మొదలవుతుంది. సీసం కట్టిన తాడు వదిలి అది ఎటు వాలుతుందో చూస్తాడు. నిలువుగా దిగితే ఒక లెక్క, దక్షిణానికి ఏటవాలుగా సాగితే ఇంకో లెక్క. చూపుడువేలు మీద తాడు ఆనించి కళ్లు మూసుకుంటాడు. అడుగున రాయో ఇసుకో ఆ వేలికి తెలుస్తుంది. ఇక చోటు గుర్తు: కైలాసగిరి కొండ మీది ఒక మలుపునూ డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌నూ రెండు చూపులతో కలిపి, ఆ చూపులు కోసుకున్న చోట తెప్ప ఆపుతాడు. కింద రాళ్లుంటాయి. ఆ చోటు వాళ్ల నాన్న చెప్పింది. నాకు చూపించాడు గానీ, "ఎవలికీ సెప్పకురా" అన్నాడు.

రెండు చదువులూ ఒకేచోట కలిసే నెలలు ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చిల్లో నైరుతి గాలి మన తీరం వెంబడి, తీరానికి సమాంతరంగా వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీరు ఒడ్డు నుంచి లోపలికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది, సారం తెస్తుంది. 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ అక్కడి విద్యార్థులతో కలిసి విశాఖ తీరంలో చదివినవాటిలో ఇదీ ఒకటి. మావయ్య దీనికి పేరేమీ పెట్టలేదు. తెప్ప పక్కకు వంగి చెయ్యి ముంచి, "సల్లబడింది, పచ్చబడింది, రేపెల్దాం" అనేవాడు. వేడి, రంగు. శాటిలైట్ కొలిచే రెండూ అవే.

విడిపోయే చోటు ఆ తర్వాత వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. గంగ, మహానది, గోదావరి పోసిన మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది, పైరంగు అంతా మారిపోతుంది. పైగా మబ్బు. మబ్బు కిందికి వేడిని కొలిచే కన్ను దిగదు. మావయ్య సీసం మాత్రం మబ్బును లెక్కచేయదు.

ఇంకో తేడా దూరం. చీటీలో 50 కిలోమీటర్లు అని పడితే మరబోటువాడికి అది ఒక రాత్రి ప్రయాణం, తెప్పవాడికి అందని మాట. సంప్రదాయ పడవల కోసం కేటాయించిన మొదటి 8 కిలోమీటర్లలో బతికేవాడికి ఆ చీటీ దాదాపు ఏమీ చెప్పదు. దీన్ని నేను చిన్న లోపం అనుకోను. పేదవాడి నీళ్లే చీటీకి ఆనకపోవడం మనం సరిచేయాల్సిన పని.

అయితే మావయ్య చదువులోనూ నన్ను బాధించేది ఒకటుంది: గుట్టు. ఒక రాతి చోటు ఒక ఇంటి ఆస్తి. ఆ ఇంట్లో మగపిల్లాడు లేకపోతే, ఉన్నవాడు నగరానికి నాలాగా వలసపోతే, ఆ చోటు సముద్రంలో కలిసిపోతుంది. చీటీ అందరిదీ. తెలుగులో వస్తుంది, రేవులో బోర్డు మీద పడుతుంది, ఫోన్‌లోకి వస్తుంది. అందరిదీ అయినందుకు దాని చిక్కు దానికీ ఉంది: ఒకే చోటికి పది బోట్లు పరుగెడతాయి, పెద్ద వల ఉన్నవాడు ముందు చుట్టేస్తాడు. 2022 జనవరిలో రింగు వలల తగువు విశాఖ జాలరి పేటలను రెండుగా చీల్చి పడవలు తగలబడే దాకా వెళ్లింది. ఆ తగువు చీటీ వల్ల రాలేదు. కానీ చేప ఎక్కడుందో తెలియడం ఒకటి, అది ఎవరికి చెందాలో తేలడం ఇంకొకటి అని ఆ మంట చూపించింది.

తుఫాను విషయంలో మాత్రం నేను తటపటాయించను. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖనే తాకింది, ఆంధ్రప్రదేశ్‌లో పోయినవారు వంద లోపే. గాలివాసన పసిగట్టే ముసలివాళ్లు దివిసీమలోనూ ఉన్నారు. వాతావరణ శాఖ హెచ్చరిక, ఇన్‌కాయిస్ అలల అంచనా చెప్పినంత ముందుగా ఏ ముక్కూ చెప్పలేదు. మావయ్య ఈ మాట ఒప్పుకుంటాడు. ఫోన్‌లో ఎర్ర హెచ్చరిక వస్తే తెప్ప ఇసుక మీదే ఉంటుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు, ఆ రోజుల్లో చేపల చీటీ కూడా రాదు. జూన్ 14 అర్ధరాత్రి దాటాక మళ్లీ ఇంజన్లు మోగుతాయి. కిందటేడు ఆ మర్నాడే మావయ్యకు ఫోన్ చేశాను. చీటీ వచ్చిందా అని అడిగితే, మబ్బు పట్టి విశాఖ వరుస ఖాళీగా ఉందన్నాడు. కొడుకు ఫోన్ చూస్తూ కూర్చున్నాడట. "మరేం చేశారు మావయ్యా?" అన్నాను.

"సీసం వదిలాం. నీరు ఇంకా ఉత్తరానికే లాగుతోంది. రాళ్ల దగ్గరికెల్లి గులివిందలు నాలుగు బుట్టలు తెచ్చాం. ఆడికి ఆ కొండ మలుపు సూపించాన్రా, ఫోన్లో గుర్తు పెట్టుకున్నాడు."