వెయ్యి గొంతుల మనిషి

కార్టూన్ కుందేలు బగ్స్ బన్నీ కొరికే క్యారెట్ చప్పుడు నిజం క్యారెట్‌దే. ఆ కుందేలుకు గొంతిచ్చిన మెల్ బ్లాంక్ మైకు ముందు దాన్ని కరకర నమిలేవాడు. మింగుతూ కూర్చుంటే డైలాగు ఆగిపోతుంది కదా, పక్కనున్న డబ్బాలో ఉమ్మేసి మాట అందుకునేవాడు.

1908లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, రేడియోలో నలిగి, వార్నర్ బ్రదర్స్ కార్టూన్లలోకి వచ్చాడు. నత్తి పంది పోర్కీ, పసుపు పిట్ట ట్వీటీ, తుంపర్లు చిందించే బాతు డాఫీ, అన్నీ ఈయనే. డాఫీ గొంతుకు రికార్డింగులో వేగం పెంచేవారు. ఆ వేగం తీసేస్తే మిగిలేది దాదాపుగా ఈయనదే అయిన సిల్వెస్టర్ పిల్లి గొంతే!

జీతం పెంచనన్న నిర్మాత దగ్గర, బదులుగా తెర మీద పేరు వేయించుకున్నాడు. కార్టూన్ గొంతుకు పేరు వేయడమే అరుదైన రోజులవి. నన్నడిగితే జీతం కంటే అదే లాభసాటి బేరం.

1961లో లాస్ ఏంజెలెస్‌లో కారు ప్రమాదమై కోమాలో పడ్డాడు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. డాక్టరు "బగ్స్, ఎలా ఉన్నావు?" అనగానే కుందేలు గొంతుతో బదులిచ్చాడని ఇంటివాళ్ల కథనం. ఒళ్లంతా పిండికట్టుతో ఉండగానే, మైకు మంచం దగ్గరికి తెప్పించుకుని 'ఫ్లింట్‌స్టోన్స్' కార్టూన్ సీరియల్‌లో బార్నీ పాత్రకి గొంతిచ్చాడు. భార్య ఎస్టెల్‌తో కాపురం చివరిదాకా సాగింది. కొడుకు నోయెల్‌కు ఆ గొంతులన్నీ తనే నేర్పాడు.