విశ్వసనీయతా గుణకాలు: మన పరిశోధనలలో వాటి వాడుక

మా పరిశీలనకు వచ్చే సిద్ధాంత వ్యాసాలలో ఒక వాక్యం కొన్నేళ్లుగా తప్పకుండా కనిపిస్తున్నది: ప్రశ్నావళికి క్రోన్‌బాక్ ఆల్ఫా లెక్కించగా 0.82 వచ్చింది, కనుక ఇది విశ్వసనీయం. ఆ తరువాత అధ్యాయం మారిపోతుంది. గుడి వాకిట చెప్పులు విడిచి లోపలికి పోయినట్లు ఆ అంకెను అక్కడే విడిచి పరిశోధకుడు ముందుకు సాగుతాడు. మళ్లీ దాని ఊసెత్తడు. భాషా వైఖరుల మీద, ద్విభాషా బాలల రచనల మీద పనిచేసే మన విద్యార్థులకు ఈ గుణకాలు అవసరమే. వాటిని వాడవద్దని మేము చెప్పడం లేదు. వాటిని చదివే తీరు గురించే మా అభ్యంతరం.

ఒకే జవాబు పత్రానికి ఇద్దరు వేర్వేరు మార్కులు వేస్తారన్నది చదువుకున్న వారందరూ పడిన బాధే. మార్కులలోని ఈ అనిశ్చితిని ఎడ్జ్‌వర్త్ 1888లోనే గణాంక దృష్టితో చర్చించాడు. 1935లో ఇంగ్లండులో హార్టాగ్, రోడ్స్ ప్రకటించిన పరిశీలన మరింత కలవరపెట్టేది. చరిత్ర పాఠ్యాంశంలో 15 పత్రాలను 14 మంది పరీక్షకుల చేత దిద్దించి, ఏడాదికి పైగా గడిచిన తరువాత అవే పత్రాలను వారి చేతనే మళ్లీ దిద్దించారు. మొత్తం 210 నిర్ణయాలలో 92 చోట్ల ఫలితం మారింది. అంటే పరీక్షకునికి పక్కవాడితోనే కాదు, తనతో తనకే పొత్తు కుదరలేదు. ఈ చంచలత్వాన్ని కొలవడానికే గుణకాలు పుట్టాయి.

క్రోన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా ఒకే పరీక్షలోని ప్రశ్నలు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెబుతుంది. అయితే ప్రశ్నల సంఖ్య పెరిగితే ఆల్ఫా కూడా పెరుగుతుంది. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం 0.2 మాత్రమే అనుకుందాం. 10 ప్రశ్నలకు ఆల్ఫా 0.71, 20కి 0.83, 40కి 0.91. ప్రశ్నల నాణ్యత ఏమీ మారలేదు, ప్రశ్నావళి బారు మాత్రమే పెరిగింది. ఇంకొక దారి కూడా ఉంది. “తెలుగు తీయని భాష”, “తెలుగు వినసొంపైన భాష”, “తెలుగు మధురమైన భాష” అని ఒకే మాటను మూడు వేషాలలో అడిగితే జవాబులు కలవక ఏం చేస్తాయి? ఆల్ఫా అమాంతం పెరుగుతుంది. మనకు తెలిసిన సంగతి మాత్రం ఒక ప్రశ్నకు వచ్చిన జవాబంతే.

0.70 దాటితే చాలునన్న మాటకు నన్నలీ 1978 గ్రంథాన్ని చూపడం ఆనవాయితీ. ఆయన ఆ అంకెను పరిశోధన తొలి దశకే చెప్పాడు. ఒక వ్యక్తి భవిష్యత్తును నిర్ణయించే పరీక్షకు 0.90 కూడా కనీసమేనని, 0.95 ఉండాలని అన్నాడు. ఈ రెండో మాటను ఉదహరించినవారు మాకు అరుదుగా తారసపడ్డారు. తేడా ఎంతో చూడండి. మార్కుల ప్రామాణిక విచలనం 10, విశ్వసనీయత 0.70 అయితే మాపన ప్రామాణిక దోషం దాదాపు 5.5 మార్కులు. 35 వస్తే ఉత్తీర్ణత అనే చోట 32 వచ్చిన పిల్లవాడు నిజంగా తప్పాడని ఈ అంకెతో చెప్పలేము. క్రోన్‌బాక్ మరణానంతరం 2004లో వెలువడిన వ్యాసంలో ఆయన కూడా గుణకం కంటే ఈ దోషాన్ని తెలపడమే ముఖ్యమన్నాడు.

ఇద్దరు పరీక్షకుల ఏకీభావానికి వాడే కాపాను కోహెన్ 1960లో ప్రతిపాదించాడు. కాకతాళీయంగా కుదరగల ఏకీభావాన్ని తీసివేసి మిగిలినదాన్ని కొలవడం అందులోని కిటుకు. నూరు వ్యాసాలను ఇద్దరు దిద్దారనుకుందాం. 85 ఇద్దరి వద్దా ఉత్తీర్ణం, 5 ఇద్దరి వద్దా అనుత్తీర్ణం, మిగిలిన పదింటిలో ఒక్కొక్కరు ఐదేసి చొప్పున ఎదుటివారు తప్పించినవాటిని గట్టెక్కించారు. ఏకీభావం 90 శాతం, కాపా 0.44. రెండో తరగతిలో 45 ఉత్తీర్ణం, 45 అనుత్తీర్ణం, పదింటిలో అదే విధంగా భేదం. ఏకీభావం అదే 90 శాతం, కాపా 0.80. పరీక్షకులు మారలేదు, తరగతి మారింది. పట్టిక ఇవ్వకుండా గుణకం ఒక్కటే ఇస్తే చదువరికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పైగా 0.41 నుంచి 0.60 వరకు మధ్యస్థం, ఆపైన 0.80 దాకా గణనీయం అని లాండిస్, కోచ్ 1977లో ఇచ్చిన శ్రేణులను శాసనంలా చూపుతున్నారు. అవి యాదృచ్ఛికంగా గీసుకున్న హద్దులని వారే ఒప్పుకొన్నారు. వారు ఉదాహరణగా తీసుకొన్నది నాడీవ్యాధి నిపుణుల రోగ నిర్ధారణలను, పిల్లల వ్యాసాలను కాదు.

ఇవన్నీ లెక్కలోని చిక్కులు. మమ్మల్ని ఎక్కువగా బాధించేది మరొకటి. ఒకసారి హోసూరు వైపు పిల్లల రచనల మూల్యాంకనం మా చేతికి వచ్చింది. ఇద్దరు పరీక్షకులు, గుణకం చాలా ఎక్కువ. కుతూహలం కొద్దీ అసలు కాగితాలు తెప్పించి చూశాము. “వస్తా ఉండాడు”, “ఉండాది” అన్న చోటల్లా ఇద్దరూ ఎర్ర సిరాతో గీత గీశారు, ఇద్దరూ మార్కు తగ్గించారు. రాయలసీమ దక్షిణాన, దాన్ని ఆనుకొన్న ఆ ప్రాంతంలో అది ఇంటి భాష. ఆ పరీక్షలో పిల్లలను అడిగినదేమో తమ ఊరి సంగతి తమ మాటల్లో రాయమని. ఇద్దరు పరీక్షకులదీ ఒకే పాఠ్యపుస్తకం, ఒకే శిక్షణ, ఒకే తప్పు. వారి ఏకీభావం ఎంత పెరిగితే పిల్లలకు అంత నష్టం. విశ్వసనీయత వేరు, సప్రమాణత వేరు అని బి.ఇడి. పుస్తకాలలో అందరం చదివినదే. కాని గుణకం ఎదురుగా కనిపించగానే రెండో మాట మరచిపోతాము. కొత్త ప్రశ్నావళిని విజయవాడలో పరీక్షించి, అక్కడి ఆల్ఫాతోనే బరంపురంలోనో షోలాపూరులోనో వాడడమూ ఇటువంటిదే. విశ్వసనీయత ప్రశ్నావళి ఆస్తి కాదు. ఆ జనం నుంచి వచ్చిన ఆ జవాబుల గుణం. జనం మారితే మళ్లీ లెక్కించవలసిందే.

విద్యార్థుల నుంచి మేము కోరేవి కొద్దిపాటివే. గుణకంతో పాటు పూర్తి పట్టిక ఇవ్వండి. మార్కులు వేస్తే మాపన దోషం తెలపండి. పరీక్షకులిద్దరూ ఎక్కడివారో, ఏ తెలుగు మాట్లాడేవారో ఒక వాక్యంలో రాయండి. కొన్ని కాగితాలనైనా ఆ ప్రాంతపు తెలుగు ఎరిగిన మూడో మనిషికి చూపించి, భేదం వచ్చిన చోట్లను అనుబంధంలో అచ్చువేయండి. అందుకు నాలుగు పేజీలు పెరిగితే మేమేమీ అనుకోము. ఉపోద్ఘాతంలో భాషాభిమానం మీద రాసే నాలుగు పేజీలు ఎటూ తగ్గించవచ్చు.