కట్టించినవాళ్ళేనా? కట్టినవాళ్ళు లేరా?

బడి పిల్లలకి కథల పుస్తకం ఇచ్చేటప్పుడు అందులో నీతేముందో చూస్తాం. చెరువులు, పనిముట్లు, మహనీయుల గురించి చెప్పే పుస్తకమైతే చూడం. సమాచారానికి కులమేమిటిలే అనుకుంటాం. కానీ కులం భద్రంగా దాక్కునేది అక్కడే. కథని పిల్లలు కథే అనుకుంటారు. సమాచారాన్ని మాత్రం నిజం అనుకుంటారు.

కంభం చెరువునే తీసుకుందాం. గుండ్లకమ్మకి అడ్డంగా, కొండల నడుమ కట్టిన చెరువు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 'కట్టించింది' సరే, కట్టిందెవరు? మట్టి తవ్విందెవరు, రాయి మోసిందెవరు? చెరువు తూము తీసి మూసే నీరటికాడి పని చాలా ఊళ్ళలో దళితులదే. ఏ మడికి ఎంత నీరు కావాలో ఎరిగిన ఆ మనిషి జ్ఞానానికి పుస్తకంలో చోటుండదు. మార్కాపురం పలకదీ అదే కథ. దాని మీద అక్షరాలు దిద్దినవాళ్ళకి, రాయి చీల్చిన చేతుల గురించి, ఆ చేతులవాళ్ళు పీల్చిన దుమ్ము గురించి ఏ పాఠమూ చెప్పలేదు.

ఈ లోటు తీర్చబోయిన పుస్తకాల్లో ముఖ్యమైనది కంచ ఐలయ్య 2007లో ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్'. బొమ్మలు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్‌వి. తోలు పని, కుండ చేయటం, బట్టలుతకటం - వీటన్నిటినీ శాస్త్రజ్ఞానంగా పిల్లల ముందు పెట్టింది. సున్నంతో, తంగేడు చెక్కతో పచ్చితోలుని కుళ్ళకుండా చేయటం రసాయనశాస్త్రం కాక మరేమిటి?

అయితే మా పేచీ ఒకటుంది. ఒక్కో పనినీ ఒక్కో కులం పేరుతో గౌరవించుకుంటూ పోతే, తరగతిలో మాదిగ పిల్లవాడి వైపు వేళ్ళు తిరుగుతాయి: "ఇది మీ పనేరా!" కులం పనుల విభజన మాత్రమే కాదని, పనివాళ్ళని విడగొట్టటమని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. కాబట్టి పనిని మెచ్చుకుంటే చాలదు. ఆ పనిలోంచి బయటికి పోనీయనిదెవరో కూడా చెప్పాలి. అందుకే ఐలయ్య పుస్తకం పక్కనే 2011లో వచ్చిన 'భీమాయన' ఉండాలంటాం. బళ్ళో నీళ్ళు దొరకని అంబేద్కర్ బాల్యం అందులో బొమ్మలతో ఉంది. రెండూ ఇంగ్లీషు పుస్తకాలే అయినా, టీచరు చదివి మన తెలుగులో చెబితే అయిదో తరగతి పిల్లలకి అందుతాయి.

ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే అంటోంది. ఏ పుస్తకాలు పెట్టాలో తేల్చేటప్పుడు ఉపాధ్యాయ మిత్రులు మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో పని చేసిన మనిషి కనిపిస్తున్నాడా? ఆ మనిషి జ్ఞానం కనిపిస్తోందా? ఆ మనిషికి జరిగిన అన్యాయం చెప్పారా? మూడింటికీ 'లేదు' అని జవాబొచ్చే పుస్తకం ఎంత రంగురంగులదైనా, ఎవరు ఉచితంగా ఇచ్చినా, మన పిల్లలకి అక్కర్లేదు.