రెండు ఊళ్ల కథ: రువాండా రేడియో నాటకాన్ని పల్లె నుంచి వింటే

శాంతి అనే మాట వినబడితే మా పల్లెలో ముందు అనుమానం పుడుతుంది. దెబ్బలు తిన్న తర్వాత వచ్చే మాట అది. నా చిన్నప్పుడు మావాళ్లలో ఒకతన్ని కొట్టారు. మర్నాడు పెద్దమనుషులు పిలిచి, ఊరు ప్రశాంతంగా ఉండాలి, కేసులూ గీసులూ వద్దన్నారు. శాంతి కోసం రాసిన రేడియో నాటకం గురించి చదవబోతే నాకూ అదే అనుమానం.

నాటకం పేరు ‘ముసెకెవెయా’, కొత్త ఉదయం అని అర్థం. రువాండాలో 2004 నుంచి ప్రసారమైంది. అక్కడ రేడియో అంటే మామూలు సంగతి కాదు. 1993లో మొదలైన ఆర్‌టీఎల్‌ఎం స్టేషన్ పాటలతో, జోకులతో, పిచ్చాపాటీతో జనానికి దగ్గరైంది. ఆ చనువుతోనే టుట్సీలను బొద్దింకలంది. 1994లో వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షలమందిని చంపారు. ఎక్కువమంది టుట్సీలు, చంపడానికి ఒప్పుకోని హుటూలు కూడా ఉన్నారు. జనాన్ని ఉసిగొల్పిన రేడియోకి జవాబు రేడియోలోనే చెబుదామని ఈ నాటకం వచ్చింది.

కథలో బుమాంజి, ముహుమురో అని రెండు ఊళ్లు. భూమి చాలదు. సర్కారు ఒక ఊరి పక్షం వహిస్తుంది, ఆ ఊరు బాగుపడుతుంది, రెండో ఊరు దానిమీద పడుతుంది. అటూ ఇటూ కొందరు కలిసి తమ నాయకులనే ఎదిరిస్తారు. హుటూ, టుట్సీ అన్న మాటలు వినబడవు. వినేవాళ్లకి తెలియదా ఏమిటి, తెలుసు. కానీ రువాండాలో త్వా అనే మూడోవాళ్లున్నారు, కుండలు చేసేవాళ్లు. వాళ్లు చేసిన కుండ కావాలి, వాళ్లు తాగిన కుండ పనికిరాదు. ఈ సంగతి మనకి ఒకరు వివరించాలా? రెండు ఊళ్ల కథలో వాళ్లకి ఊరు లేదు.

అయినా ఈ నాటకాన్ని తీసిపారెయ్యలేను. ఎలిజబెత్ లెవీ పాలక్ అనే పరిశోధకురాలు కొన్ని చోట్ల జనానికి ఏడాదిపాటు ఈ నాటకం, మరికొన్ని చోట్ల ఆరోగ్యం మీద నాటకం వినిపించి, ఫలితాలు 2009లో ప్రచురించింది. విన్నవాళ్లలో త్వాలూ ఉన్నారు. మనుషుల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. కానీ మనవాళ్లనే చేసుకోమని పిల్లలకి చెబుతాననేవాళ్లు తగ్గారు. నచ్చకపోయినా నోరు మూసుకోవాలనేవాళ్లు తగ్గారు.

ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. 1936లో ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ శాస్త్రాల మీది నమ్మకం పోనిదే జనం నడత మారదన్నాడు. పాలక్ ఫలితం నమ్మకం ఉండగానే నడత కదులుతుందంటోంది. నేను అంబేద్కర్ని వదులుకోను. అయితే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం కూడా కులాన్ని కాపలా కాస్తోందని ఒప్పుకోవాలి. ఆ నలుగురూ ఎవరన్నదే అసలు ప్రశ్న. రువాండాలో 1994 తర్వాత జాతి పేరుతో విడదీసే మాటని సర్కారే నేరం చేసింది. నాటకం వెనక ఆ బలం ఉంది. మన దగ్గర చుండూరులో 1991లో ఎనిమిదిమందిని చంపితే, ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని హైకోర్టు 2014లో కొట్టేసింది.

1985 కారంచేడుని ఎవరైనా ఇలా చెరువు కోసం కొట్టుకున్న రెండు ఊళ్ల కథగా రాస్తే అబద్ధమవుతుంది. అక్కడ ఉన్నవి రెండు ఊళ్లు కావు. ఒక ఊరూ, దాని వెలుపల ఉంచిన పల్లే. చెరువు నీళ్లు పాడుచేస్తుంటే అడ్డుపడ్డ దళిత స్త్రీ బిందె ఎత్తింది. ఆ బిందె లేని శాంతి నాటకం మనకెందుకు?

పాలక్ చెప్పిన ఒక సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. చివర్లో ప్రతిచోటా జనానికి ఒక టేప్‌రికార్డరూ, నాటకం క్యాసెట్లూ ఇచ్చారు, అందరూ కలిసి వాడుకొమ్మని. ఆరోగ్య నాటకం విన్నవాళ్లు వాటిని ఊరి అధికారి దగ్గర ఉంచేద్దామని చప్పున తేల్చేశారు. ముసెకెవెయా విన్నవాళ్లు అలా ఒప్పుకోలేదు. అందరం కలిసి చూసుకుందామని వాదులాడుకున్నారు. మా అమ్మ చిన్నప్పుడు పంచాయతీ రేడియో కరణంగారి అరుగు మీద ఉండేదట. మావాళ్లు రోడ్డు మీద నిలబడి వినేవాళ్లు, ఆయన భోజనానికి లేచేదాకా.